కాళ్లే కొరుకుతుంది, ముఖం కొరకదు

1903లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ రైల్లో దేశ పర్యటన చేస్తుండగా, కాన్సస్ రాష్ట్రంలో ఒక పాప ఆయనకు బ్యాడ్జర్ పిల్లను కానుకగా ఇచ్చింది. పొట్టి కాళ్లు, పొడవాటి గోళ్లతో నేలలో బొరియలు తవ్వుకునే జంతువు అది. ఒళ్లు చిన్నదైనా దవడ పట్టు గట్టిది. దానికి జోసయా అని పేరు పెట్టి, సీసాతో పాలు పట్టి ఇంటికి తెచ్చారు. ఇంట్లో ఆయన కొడుకుల్లో ఒకడు దాన్ని నడుము పట్టుకుని చంటిబిడ్డను మోసినట్టు మోసుకు తిరిగేవాడు. కిందికి దించితే అది వాడి వెంటపడి బోసికాళ్లను కొరికేది. చేతుల్లో ఉన్నప్పుడు ముఖం మీద కరిస్తే ఎలాగని తండ్రి అడిగాడు. పిల్లవాడికి ఆ మాట నచ్చలేదు. జోసయా గుణాన్నే శంకించినట్టు తోచింది. "అది అప్పుడప్పుడు కాళ్లు కొరుకుతుంది గానీ ముఖాలు ఎప్పుడూ కొరకదు" అని జవాబిచ్చాడు. ఈ సంగతిని రూజ్‌వెల్ట్ 1913లో వెలువడిన తన ఆత్మకథలో రాసుకున్నారు. జోసయా చివరికి జంతు ప్రదర్శనశాలకు చేరింది.

ఆ జవాబును పిల్లతనమని కొట్టిపారేయడం తేలిక. అయితే అందులో శ్రద్ధగా గమనించిన సంగతి ఉంది. అది ఎప్పుడు కరుస్తుందో, ఎక్కడ కరుస్తుందో వాడు రోజూ చూశాడు. చూసినదాన్నిబట్టి ఒక నియమం కట్టుకున్నాడు. ఆ నియమంతో పాటు విధేయత కూడా ఉంది. స్నేహితుడి మీద ఎవరైనా నింద వేస్తే పిల్లలు ఎలా అడ్డుపడతారో, వాడూ అలాగే అడ్డుపడ్డాడు. ఆ ప్రేమలో తప్పు పట్టవలసినదేమీ లేదు. నిన్నటి వరకు ఆ జంతువు ఎలా మెలిగిందో వాడికి బాగా తెలుసు. రేపు దాని శరీరం ఏం కాబోతోందో మాత్రం తెలియదు, ఆ వయసులో తెలిసే అవకాశమూ లేదు. ఆ రెండో సంగతి తెలుసుకుని ముందుగానే చెప్పవలసినవాళ్లు పెద్దవాళ్లు. పులిపిల్ల, మొసలిపిల్ల, కోతిపిల్ల, పాముపిల్ల ఏదైనా సరే, పిల్లలు ప్రమాదకరమైన జంతువును చేరదీసిన ప్రతిచోటా చిక్కు దాదాపు ఇక్కడే మొదలవుతుంది. జంతువు ముద్దుగా ఉన్నన్నాళ్లు పెద్దలు మురిసిపోతారు. అది పెద్దదయ్యాక భయపడి, రాత్రికి రాత్రి మాయం చేస్తారు. పిల్లలకు రెండుసార్లూ నిజం చెప్పేవాళ్లు ఉండరు.

ఇలాంటి జంతువు పిల్లల చేతికి చేరే దారులు కొన్నే. దుకాణంలో కొనివ్వడం ఒకటి, ఎవరైనా కానుకగా ఇవ్వడం ఒకటి. అన్నిటికంటే బలంగా మనసుకు పట్టేది మూడోది. దారిలో, పొదలో, కాలువ గట్టున ఒంటరిగా దొరకడం. దొరికిన పిల్లను కాపాడానన్న భావం ఒక్కసారి కలిగితే, ఆ తర్వాత దాన్ని వదిలేయమనడం పిల్లల చెవికి చంపేయమన్నట్టే వినిపిస్తుంది. ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదన్న సంగతి ఇక్కడే చెప్పాలి. చాలా జాతుల జింకల్లో తల్లి తన పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేతకు వెళుతుంది. తన వాసన పసిగట్టి వేటజంతువులు రాకూడదని రోజులో కొన్నిసార్లే వచ్చి పాలిచ్చి పోతుంది. ఆ పిల్ల కదలకుండా, అరవకుండా పడి ఉండడమే దాని రక్షణ. ఆ నిశ్చలతను చూసి "పాపం, తల్లి లేదు" అనుకుని ఎత్తుకు వచ్చేవాళ్లు నిజానికి తల్లి ఉన్న బిడ్డను ఎత్తుకు వస్తున్నారు.

చిన్న పిల్ల కనబడగానే ఎత్తుకోవాలనిపించడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణం ఒకటి ఉంది. ఒంటితో పోలిస్తే పెద్ద తల, ముందుకు వచ్చిన నుదురు, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, తడబడే నడక. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే మనిషిలో సాకాలన్న తపన కలుగుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో ప్రతిపాదించాడు. మన పసిబిడ్డల కోసం ఏర్పడిన ఈ స్పందన ఎలుగుబంటి పిల్లను చూసినా, చిరుతపిల్లను చూసినా అదే విధంగా కలుగుతుంది. ఆ లక్షణాలు వయసుతో పోతాయి. తపన వల్ల ఏర్పడిన బంధం మాత్రం పోదు.

మరి భయం ఏమైంది? పామును చూడగానే పిల్లలు పుట్టుకతోనే బెదురుతారని చాలామంది నమ్ముతారు. పరిశోధనలు చెప్పేది కాస్త వేరు. 2008లో వెనెసా లోబ్యూ, జూడీ డిలోచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు కూడా కొన్ని బొమ్మల మధ్య పూలను, కప్పలను కనిపెట్టే దానికంటే వేగంగా పామును కనిపెడతారని చూపించారు. పామును త్వరగా గుర్తించడం మాత్రమే అది, భయపడడం కాదు. అంతకు ముందు 1980లలో సూసన్ మినేకా చేసిన ప్రయోగాల్లో, ప్రయోగశాలలో పుట్టి పెరిగిన రీసస్ కోతులకు పాము భయం లేదు. పామును చూసి మరో కోతి బెంబేలెత్తడం గమనించాకే వాటికీ ఆ భయం పట్టుకుంది. మనిషి పిల్లలూ భయాన్ని చాలావరకు పెద్దల ముఖాల్లో చదివి నేర్చుకుంటారు. పామును త్వరగా గమనించే కన్ను ఉండి, భయపడాలని చెప్పే ముఖం ఎదురుగా లేకపోతే, మిగిలేది కుతూహలమే. చెయ్యి చాచి ముట్టుకోబోయే పసివాడిలో ధైర్యం వెతకడం పొరపాటు. వాడికి ఇంకా ఆ పాఠం అందలేదు, అంతే.

కొంచెం పెద్ద పిల్లల్లో ఇంకో కారణం తోడవుతుంది. ఇంట్లో అందరికంటే చిన్నవాడు, బడిలో ఎవరూ లెక్కచేయనివాడు, అందరూ భయపడే ప్రాణి తన మాట వింటుందని నమ్మినప్పుడు కలిగే గర్వం చాలా గాఢమైనది. ఎవరికీ లొంగనిది తనకు లొంగింది. అందరినీ కరిచేది తనను కరవదు. ఈ "నన్ను మాత్రం" అన్న భావనే ఆ బంధానికి ప్రాణం. అందుకే దాని మీద అనుమానం వ్యక్తం చేస్తే పిల్లలు వాదించరు, గాయపడతారు. ఒంటరితనం వల్ల ఒక జంతువుకు అంటిపెట్టుకున్న పిల్లవాడి దగ్గర నుంచి దాన్ని తీసేసి, ఒంటరితనాన్ని అలాగే వదిలేస్తే అది సగం పని కూడా కాదు.

ఒక జంతువు మచ్చిక కావడం దాని జీవితకాలంలో జరిగే సంగతి. ఒక జాతి పెంపుడు జాతిగా మారడం తరతరాలుగా, సంతానాన్ని ఎంచుకుంటూ పోతే జరిగే సంగతి. ఈ రెండూ ఒకటే అనుకోవడమే అన్ని ప్రమాదాలకూ మూలం. ఈ తేడాను తేటగా చూపించిన ప్రయోగాలు రెండున్నాయి.

మొదటిది రష్యాలో జరిగింది. 1959లో దిమిత్రీ బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో, బొచ్చుతోలు కోసం పెంచే వెండి నక్కలతో పని మొదలుపెట్టాడు. ల్యుద్‌మిలా త్రూత్ మొదటి నుంచీ ఆ పనిలో ఉండి, ఆయన తర్వాత దాన్ని కొనసాగించింది. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరే, తక్కువ కరిచే నక్కలను మాత్రమే ఎంచి తర్వాతి తరానికి తల్లిదండ్రులను చేశారు. మగవాటిలో నూటికి నాలుగైదింటికి, ఆడవాటిలో నూటికి ఇరవై లోపు వాటికే ఆ అవకాశం దక్కింది. ఆరో తరానికి తోక ఊపుతూ, చేతులు నాకుతూ, మనిషి కోసం మూలిగే పిల్లలు పుట్టాయి. పదో తరం నాటికి అలాంటివి నూటికి 18. చెవులు వాలాయి, తోకలు మెలితిరిగాయి, ఒంటిమీద తెల్లమచ్చలు వచ్చాయి. ఈ నక్కలకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మనుషులు వాటితో గడిపే సమయం కూడా కావాలనే తగ్గించారు. అంటే నెమ్మదితనం పెంపకం వల్ల రాలేదు, పుట్టుకలోనే వచ్చింది. అది కూడా ఇంత కఠినమైన ఎంపిక ఏళ్ల తరబడి సాగాక.

రెండోది హంగరీలోని బుడాపెస్ట్‌లో, ఈ శతాబ్దం తొలి ఏళ్లలో జరిగింది. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు పుట్టిన కొద్ది రోజులకే తోడేలు పిల్లలను తల్లి నుంచి తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరికి అప్పగించారు. రాత్రీ పగలూ ఒళ్లోనే పెట్టుకుని, సీసాతో పాలు పట్టి, పక్కలో పడుకోబెట్టి పెంచారు. కుక్కపిల్లలనూ అదే విధంగా పెంచారు. తర్వాత రెండు రకాలకూ, లోపల మాంసం ఉండి తెరుచుకోకుండా బిగించిన పెట్టె ఒకటి ఇచ్చారు. కుక్కలు కాసేపు ప్రయత్నించి, వెనక్కి తిరిగి మనిషి ముఖంలోకి చూశాయి. తోడేళ్లు ఎవరినీ చూడలేదు, పెట్టెనే లాగుతూ ఉండిపోయాయి. ఒకే రకమైన పెంపకం, ఒకే రకమైన ప్రేమ. అయినా సాయం కోసం మనిషి ముఖాన్ని చూసే అలవాటు ఒక జాతికి ఉంది, ఇంకో జాతికి లేదు. కనీసం పదిహేను వేల ఏళ్ల సహవాసం కుక్కకు ఇచ్చినదాన్ని ఒక బాల్యం తోడేలుకు ఇవ్వలేదు. అలాంటప్పుడు పదేళ్ల పిల్లవాడు ఒక వేసవిలో సాధిస్తాడని ఆశించడం వాడి మీద మోయలేని బరువు పెట్టడమే.

ప్రమాదం ఏ రోజున వస్తుందో కూడా చాలావరకు ముందే చెప్పవచ్చు. తెచ్చిన రోజున కాదు, యవ్వనం వచ్చిన రోజున. పులి పుట్టినప్పుడు బరువు కిలో పైచిలుకు. ఎదిగిన మగపులి 200 కిలోలు దాటవచ్చు. చింపాంజీలు చిన్నప్పుడు బిడ్డల్లాగే చంకెక్కుతాయి. అయిదారేళ్లు దాటేసరికి వాటిని అదుపు చేయడం కష్టమవుతుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పసికందుగా తెచ్చిన ఒక చింపాంజీ ఇంటి మనిషిలా పెరిగింది. బట్టలు వేసుకునేది, బల్ల దగ్గర కూర్చుని తినేది, టీవీ ప్రకటనల్లో నటించింది. 2009 ఫిబ్రవరిలో, తనకు ఏళ్లుగా తెలిసిన ఒక స్త్రీ మీద దాడి చేసి ఆమె ముఖాన్ని, చేతులను ఛిద్రం చేసింది. పదమూడేళ్లపాటు అది నెమ్మదిగా ఉందన్న నమ్మకం ఆ ఒక్కరోజున అక్కరకు రాలేదు.

క్రూరమృగాల సంగతి ఇలా ఉంటే, సాధుజంతువులనుకునే వాటి విషయంలో మనుషులు మరింత తేలిగ్గా మోసపోతారు. సీసాపాలతో పెరిగిన మగజింకను పెద్దయ్యాక నమ్మకూడదని అటవీ సిబ్బంది గట్టిగా చెబుతారు. అడవిలో పుట్టిన జింక మనిషి అలికిడికే పారిపోతుంది. ఇంట్లో పెరిగినదానికి ఆ భయం ఉండదు. జత కట్టే కాలం వచ్చి, ఒంట్లో హార్మోన్లు పొంగి, కొమ్ములు గట్టిపడ్డాక అది మనిషిని తోటి మగజింకగా, పోటీదారుగా చూస్తుంది. అప్పుడది పొడవడానికి వచ్చేది పగతో కాదు, తన జాతి పద్ధతిలోనే. మనిషంటే భయం పోగొట్టడమే ఇక్కడ అసలు ప్రమాదమయింది. ముద్దుచేసిన చెయ్యే ఆ పని చేసింది.

జంతువు ముందుగా ఇచ్చే హెచ్చరికలు పిల్లలకు అర్థం కాకపోవడం ఇంకో చిక్కు. కోరలు బయటపెట్టిన కుక్క ముఖాన్ని చాలామంది చిన్నపిల్లలు నవ్వు ముఖమనుకుంటారని బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి. కోతులు పళ్లు కనిపించేలా పెదవులు లాగి పట్టడం చాలాసార్లు భయానికి గుర్తు. పెద్దలు కూడా దాన్ని నవ్వనుకుని ఫొటోలు తీస్తుంటారు.

ఈ విషయంలో స్లో లోరిస్ కథ మనసును కలచివేస్తుంది. దేవాంగపిల్లికి దగ్గరి బంధువైన ఈ చిన్న జంతువు ఆగ్నేయాసియా అడవుల్లో ఉంటుంది. గుండ్రటి పెద్ద కళ్లు, మెత్తని బొచ్చు, నెమ్మది కదలికలు. చూసిన ఏ పిల్లవాడైనా కావాలంటాడు. 2009లో ఇలాంటి ఒక జంతువుకు చంకల్లో చక్కిలిగింతలు పెడుతున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది. అది రెండు చేతులూ పైకెత్తి ఉంచుతుంది. ఆనందంతో ఇంకా ఇంకా అని అడుగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి దాని మోచేతి లోపలివైపు ఒక గ్రంథి ఉంది. అందులోని స్రావం నోటి లాలాజలంతో కలిస్తే విషమవుతుంది. భయం వేసినప్పుడు ఆ గ్రంథిని నోటికి అందుబాటులోకి తెచ్చుకోవడానికే అది చేతులెత్తుతుంది. లక్షలమంది ముచ్చటపడి చూసింది ఒక ప్రాణి ఆత్మరక్షణకు సిద్ధపడిన క్షణాన్ని. కరిస్తే మాంసం కుళ్లేంత పుండ్లు పడవచ్చు, కొందరికి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. అందుకే అమ్మేవాళ్లు దాని ముందు పళ్లను గోళ్లు తీసే కత్తెరతో, మత్తు కూడా ఇవ్వకుండా కత్తిరిస్తారు. చిగుళ్లు చీము పట్టి చాలా ప్రాణులు చనిపోతాయి. వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని 2007లోనే నిషేధించారు. ప్రమాదం లేని బొమ్మలా పిల్లల చేతికి వచ్చే జంతువు అలా కావడానికి ముందు దానికి ఏం జరిగిందో పిల్లలకు తెలిస్తే, ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే వద్దంటారు. పిల్లల న్యాయబుద్ధి మీద ఆ మాత్రం నమ్మకం ఉంచవచ్చు.

పాముల లెక్క వేరు. పాలిచ్చే జంతువుల్లో కనిపించే అనుబంధం వాటిలో ఆశించలేం. చేతిలోకి తీసుకుంటే కదలకుండా ఉండడం అలవాటు వల్ల వచ్చిన ఓర్పు మాత్రమే. కొండచిలువ వంటివాటిని పెంచేవాళ్లకు కాట్లు ఎక్కువగా మేత వేసే వేళ పడతాయి. ఎలుకను పట్టుకున్న చేతికి ఎలుక వాసన ఉంటుంది, ఆ చెయ్యి వెచ్చగా ఉంటుంది, కదులుతుంది. పాముకు తెలిసిన ఆహార లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. ఇక విషసర్పాల మాటకొస్తే, గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ తాచుపిల్ల కూడా పడగ విప్పగలదు, విషం దింపగలదు. కోరలు పీకేశామని ఎవరైనా చెబితే నమ్మరాదు, పాత కోర పోతే దాని వెనకే కొత్తది సిద్ధంగా ఉంటుంది. అదే మోతాదు విషం పెద్దవాడి ఒంట్లో కంటే చిన్న ఒంట్లో తీవ్రంగా పనిచేస్తుంది. వేరే దేశపు పాము అయితే విరుగుడు మందు దగ్గర్లో దొరకకపోవచ్చు కూడా. ప్రమాదం పెంచేవాళ్లతో ఆగుతుందనీ లేదు. 2013 ఆగస్టులో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో ఒక ఇంట్లో పెంచుతున్న ఆఫ్రికా కొండచిలువ తన గదిలోంచి గాలి గొట్టం ద్వారా తప్పించుకుని, ఇంకో గదిలో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములను చంపింది. ఒకరికి ఆరేళ్లు, ఇంకొకరికి నాలుగేళ్లు. ఆ పాము వాళ్లది కాదు.

కోరలూ గోళ్లూ లేని జంతువు కూడా ప్రమాదకరం కావచ్చు. అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల కంటే తక్కువ పొడవు చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. పెద్ద తాబేళ్లను వదిలి చిన్నవాటినే ఎందుకు నిషేధించారన్న సందేహం సహజం. చిన్న తాబేలు పసిపిల్లల నోట్లో పడుతుంది కాబట్టి. తాబేళ్ల ఒంటిమీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది, దాని వల్ల వాటికి ఏ జబ్బూ రాదు, పిల్లలకు తీవ్రమైన విరేచనాలు, జ్వరం వస్తాయి. ఆ ఒక్క నిషేధం వల్ల ఏటా సుమారు లక్షమంది పిల్లలకు జబ్బు తప్పిందని అంచనా. 2003 మేలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మూడేళ్ల పాపను ఇంట్లో పెంచుకోవడానికి తెచ్చిన ప్రెయిరీ డాగ్ కరిచింది. అది ఉడుత జాతికి చెందిన ప్రాణి. ఆ పాపకు వచ్చిన జబ్బు, అప్పటిదాకా ఆఫ్రికా బయట మనుషుల్లో కనిపించని ఎంపాక్స్ అని తేలింది. ఘనా నుంచి తెచ్చిన పెద్ద ఎలుకల పక్కన ఈ ప్రాణులను ఉంచి అమ్మడం వల్ల వైరస్ సోకింది. ఆరు రాష్ట్రాల్లో 47 మందికి ఆ జబ్బు వచ్చినట్టు లెక్కకొచ్చింది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది మాత్రం దాచిపెట్టిన కాటుకు. జంతువు కరిచిన పిల్లవాడు ఇంట్లో చెప్పడు. తిడతారని కొంత, దాన్ని తీసేస్తారని చాలా ఎక్కువ. చొక్కా చేతులు కిందికి లాక్కుంటాడు, ముల్లు గుచ్చుకుందంటాడు. తన స్నేహితుణ్ణి కాపాడుతున్నానని వాడి నమ్మకం. రేబిస్ విషయంలో ఈ మౌనం ప్రాణం తీస్తుంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా టీకాలు వేయిస్తే దాదాపు ఎవరూ చావరు. గబ్బిలం కాటు గుర్తు కంటికి సరిగా కనిపించదు కూడా. కాబట్టి ఇంట్లో ఎలాంటి జంతువు ఉన్నా పిల్లలకు ముందుగా ఇవ్వవలసిన మాట ఒకటుంది. కరిచిందని చెబితే నిన్ను ఎవరూ కొట్టరు, తిట్టరు. ఆ మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. "చెబితే దాన్ని చంపేస్తారా?" అని వాడు అడిగితే, చంపరని అబద్ధం చెప్పకూడదు. కొన్ని సందర్భాల్లో రేబిస్ పరీక్షకు జంతువు మెదడును చూడక తప్పదు. కరవకముందే దాన్ని సరైన చోటికి చేర్చడమే దాన్ని కాపాడే దారి అన్న నిజం అప్పుడు వాడికి అర్థమయ్యేలా చెప్పవచ్చు.

ఇంత చెప్పాక కూడా ఎదురయ్యే వాదన ఒకటుంది. ప్రేమగా పెంచిన సింహం ఏళ్ల తర్వాత యజమానుల్ని గుర్తుపట్టి కౌగిలించుకుంది కదా అని. ఆ సంఘటన నిజమే. 1969లో ఇద్దరు యువకులు లండన్‌లోని ఒక పెద్ద దుకాణంలో క్రిస్టియన్ అనే సింహపు పిల్లను కొన్నారు. ఏడాదిలో అది నగరంలో ఉంచలేనంతగా పెరిగింది. కెన్యాలో సింహాలను తిరిగి అడవికి అలవాటు చేసే జార్జ్ ఆడమ్సన్ దగ్గరకు దాన్ని 1970లో చేర్చారు. 1971లో ఆ ఇద్దరూ చూడ్డానికి వెళ్లినప్పుడు అది పరుగున వచ్చి భుజాల మీద కాళ్లు వేసింది. ఆ దృశ్యాన్ని కోట్లమంది చూశారు. చాలామందికి తెలియనిది అదే చోట, అదే ఏడాది జరిగిన ఇంకో సంగతి. క్రిస్టియన్‌కు తోడుగా ఆడమ్సన్ పెట్టిన పెద్ద సింహం పేరు బాయ్. అదీ మనుషుల మధ్య పెరిగిందే, సినిమాలో నటించినదే. 1971లో అది శిబిరంలో పనిచేసే ఒక సహాయకుణ్ణి చంపింది. తానే సాకిన ఆ సింహాన్ని ఆడమ్సన్ తన చేతులతోనే కాల్చవలసి వచ్చింది. కౌగిలింతను మాత్రమే పిల్లలకు చూపించి, బాయ్ సంగతి చెప్పకపోవడం వాళ్లకు చేసే అన్యాయం. రెండు సింహాల ప్రేమలోనూ కపటం లేదు. ఒకటి గుర్తుపట్టింది, ఇంకొకటి చంపింది. ఏది ఎప్పుడు ఏం చేస్తుందో ఆడమ్సన్ వంటి మనిషికే అంతుపట్టలేదు.

చట్టాలు ఈ దారినే వచ్చాయి. బ్రిటన్ 1976లో ప్రమాదకరమైన వన్యప్రాణులను లైసెన్సు లేకుండా ఉంచుకోవడాన్ని నిషేధించింది. అమెరికా 2022 డిసెంబరులో పులులు, సింహాల వంటివాటిని ఇళ్లలో కొత్తగా పెంచుకోకుండా, వాటి పిల్లలను జనం ముట్టుకోకుండా చట్టం చేసింది. చట్టం ఉన్నా లేకపోయినా, ఇంట్లో ఒక జంతువు కనబడిన సాయంత్రం ఏం చేయాలన్నది ఇంటివాళ్లే తేల్చుకోవాలి.

మంచం కింద అట్టపెట్టెలో అది బయటపడ్డప్పుడు మొదటి అరగంట చాలా ముఖ్యం. కేకలు వేస్తే పిల్లవాడు తర్వాతిసారి ఇంకా బాగా దాస్తాడు. పెట్టె మూత మూసి, పిల్లలను ఆ గదిలోంచి బయటికి తెచ్చి, చేతులు కడిగించి, ఎక్కడ దొరికింది, ఎప్పటినుంచి ఉంది, కరిచిందా గీరిందా అన్న మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడగాలి. తర్వాత అటవీ శాఖకో, వన్యప్రాణుల సంరక్షణ తెలిసినవాళ్లకో కబురు పెట్టాలి. ఊరవతల వదిలేసి వద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది దయగా కనిపించే క్రూరత్వం. మనిషి చేతిలో పెరిగిన జంతువుకు వేట రాదు, భయం తెలియదు, మళ్లీ మనుషుల ఇళ్లకే వస్తుంది. బతికి బట్టకడితే ఇంకో రకం నష్టం. అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలల్లో, పెంచుకున్నవాళ్లు వదిలేసినవీ తప్పించుకున్నవీ అయిన బర్మా కొండచిలువలు సంతానం పెంచుకుని స్థిరపడ్డాయి. అవి ఎక్కువకాలంగా ఉన్న ప్రాంతాల్లో రకూన్లు కనిపించడం 99 శాతానికి పైగా తగ్గిందని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

అయితే పిల్లలను జంతువుల నుంచి పూర్తిగా దూరం చేయడం కూడా సరైన జవాబు కాదు. చింపాంజీల మీద జీవితమంతా పరిశోధన చేసిన జేన్ గుడాల్ పసితనంలో ఒకసారి గుప్పెడు వానపాములను తెచ్చి తన పక్కలో పెట్టుకుంది. తల్లి చూసింది. అసహ్యించుకోలేదు, కోప్పడలేదు. ఇక్కడే ఉంటే ఇవి చచ్చిపోతాయి, వీటికి మట్టి కావాలి అని చెప్పింది. ఇద్దరూ కలిసి వాటిని తోటలో వదిలి వచ్చారు. వానపాము కరవదు కాబట్టి ఆ తల్లికి పని తేలికయిందని అనవచ్చు. కానీ ఆమె మాట్లాడిన తీరు పులిపిల్ల విషయంలోనూ పనికివస్తుంది. నీకు ప్రమాదం అని మొదలుపెడితే పిల్లలు "నన్ను కరవదు" అని ఎదురు చెబుతారు. దానికి ఏం కావాలి అని మొదలుపెడితే ఆలోచనలో పడతారు. ఎంత తింటుంది, ఎంత దూరం తిరుగుతుంది, తోటివాటితో ఎలా బతుకుతుంది, వచ్చే ఏడాదికి ఎంత అవుతుంది? ఇవి వాళ్లచేతే వెతికించి, కాగితం మీద రాయించవచ్చు. కొలత టేపుతో ఎదిగిన మొసలి పొడవును గదిలో నేలమీద గీసి చూపిస్తే, ఎంత చెప్పినా ఎక్కని సంగతి కంటికి ఆనుతుంది.

తీసుకువెళ్లడానికి సిబ్బంది వచ్చినప్పుడు పిల్లలను బడికి పంపేసి పని ముగించాలని అనిపించవచ్చు. అలా చేయకపోవడమే మంచిది. దూరంగా నిలబడి చూడనివ్వాలి. అది ఏం తింటుందో, దేనికి బెదురుతుందో, ఎప్పుడు నిద్రపోతుందో వచ్చినవాళ్లకు చెప్పే పని వాళ్లకే అప్పగించాలి. ఇంట్లో ఆ సంగతులు వాళ్లకే బాగా తెలుసు, కొత్త చోట దాన్ని చూసుకునేవాళ్లకు అవి నిజంగానే పనికివస్తాయి. తర్వాత చూడ్డానికి వెళ్లవచ్చా అని తప్పకుండా అడుగుతారు. వెళ్లనిచ్చే చోటైతే తీసుకువెళ్లాలి. మనుషులకు అలవాటు తప్పించడం కోసం ఎవరినీ రానివ్వని చోటైతే ఆ కారణమే చెప్పాలి. వారం తర్వాత ఫోను చేసి, అది ఎలా ఉందో కనుక్కుని, విన్నది విన్నట్టు చెప్పాలి. చనిపోయిందన్న కబురు వచ్చినా సరే.